ఏ వాలున ఉన్నాం?

ఆనేకల్ తాలూకాలో ఫ్లాటు కొనబోయేవారికి ఇచ్చే రంగుల కాగితంలో దూరాలన్నీ ఉంటాయి. ఎలక్ట్రానిక్ సిటీకి ఎన్ని నిమిషాలు, హోసూరు రోడ్డు ఎంత దగ్గర, బడి ఎక్కడ, ఆస్పత్రి ఎక్కడ. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో పసుపు మార్గం మొదలయ్యాక ఆ దూరాలు ఇంకాస్త కుదించుకుపోయాయి. ఆ కాగితంలో దొరకని సంగతి ఒకటుంది: ఆ భవనం మీద కురిసిన వాన ఎటు పోతుందన్నది. అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. తూర్పు గుమ్మమా, వాస్తు కుదిరిందా అని గుచ్చిగుచ్చి అడిగే మనవాళ్ళకు కూడా నేల వాలు సంగతి తట్టదు. ఈశాన్యం పల్లంగా ఉండాలన్న మాట వాస్తులోనూ ఉంది కదా అంటారేమో. ఆ పల్లం ప్రహరీగోడ దగ్గర ఆగిపోతుంది.

ఆనేకల్ విషయంలో ఈ ప్రశ్నకు జవాబు తేలిక కాదు. బెంగళూరు నగర జిల్లాకు ఆగ్నేయపు కొసన, తమిళనాడును ఆనుకుని ఉన్న ఈ తాలూకా రెండు నదుల నడుమ మిట్ట మీద ఉంది. తూర్పున చందాపుర, ముత్తానల్లూరు, సర్జాపుర వైపు పడిన చినుకు చెరువు నుంచి చెరువుకు దిగుతూ దక్షిణ పినాకినిని చేరుకుంటుంది. హోసూరు, కృష్ణగిరి మీదుగా వెళ్ళి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పడమట బన్నేరుఘట్ట అడవిలో పడిన చినుకు సువర్ణముఖి అనే చిన్న ఏటిలో పడుతుంది. మన శ్రీకాళహస్తి స్వర్ణముఖి వేరు, ఇది వేరు. ఆ ఏరు అర్కావతి వైపు, అర్కావతి కావేరి వైపు. పక్కపక్క ఊళ్ళ నీళ్ళు ఒకటి కడలూరుకు, ఒకటి పూంపుహారుకు.

ఈ నీళ్ళ పుట్టుక వెతుక్కుంటూ వెనక్కి పోతే తెలుగువారికి ఇంకో చుట్టరికం తగులుతుంది. దక్షిణ పినాకిని పుట్టింది నంది కొండల్లో. నెల్లూరు దాకా వచ్చే మన పెన్న, అంటే ఉత్తర పినాకిని, పుట్టిందీ అక్కడే. అర్కావతిదీ ఆ కొండలే. పుట్టపర్తిని తడిపే చిత్రావతి, కడప జిల్లాలోకి దిగే పాపాఘ్ని కూడా ఆ చుట్టుపక్కల గుట్టల నుంచే వస్తాయి. అనంతపురం నుంచి ఉద్యోగానికని వచ్చి చందాపురలో ఇల్లు కొనుక్కున్న కుటుంబం పరాయి రాష్ట్రానికి వచ్చామనుకుంటుంది. నీళ్ళ లెక్కలో మాత్రం అది ఒక కొండకు ఉత్తరపు వాలు నుంచి దక్షిణపు వాలుకు మారింది, అంతే.

రాష్ట్రం, జిల్లా, పిన్‌కోడు అనే గీతలను పక్కనపెట్టి నీళ్ళు, నేల, చెట్టూ చేమా, జంతువులు, వాటితో ముడిపడిన మనుషుల బతుకు గీసే హద్దులతో ఒక చోటును గుర్తుపట్టే చూపును బయోరీజియనలిజం అంటున్నారు. జీవప్రాంత దృష్టి అనుకోవచ్చు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో దీనికి ఒక రూపం వచ్చింది. పీటర్ బెర్గ్ అనే రచయిత, రేమండ్ డాస్మన్ అనే వన్యప్రాణి శాస్త్రవేత్త కలిసి 1977లో ఒక వ్యాసం రాశారు. దెబ్బతిన్న చోటును వదిలేసి పోవడం కాదు, ఆ దెబ్బ ఏమిటో తెలుసుకుని అక్కడే మళ్ళీ కాపురం పెట్టడం నేర్చుకోవాలన్నది దాని సారాంశం. అందులో కొత్తేముంది, మన పల్లెలన్నీ అలాగే బతికాయి కదా అని అనిపించవచ్చు. నిజమే. పల్లెలు అలా బతికాయి. ఆ పల్లెల పిల్లలమే ఇప్పుడు పదకొండో అంతస్తులో ఉన్నాం.

1981లో కోఎవల్యూషన్ క్వార్టర్లీ అనే అమెరికన్ పత్రిక ఒక ప్రశ్నావళి వేసింది. నువ్వెక్కడున్నావు అని అడిగే పరీక్ష అది. నువ్వు తాగే నీటిని వాన చినుకు నుంచి కుళాయి దాకా చెప్పగలవా, పున్నమి ఇంకా ఎన్నాళ్ళుంది, నీ కాళ్ళ కింది నేల ఏ రకం, నీ చెత్త ఎక్కడికి పోతుంది, నీ చుట్టుపక్కల దొరికే తినదగ్గ మొక్కలు కొన్నింటి పేర్లు చెప్పు, ఇలా సాగుతుంది. తెలుగిళ్ళలో గోడకు పంచాంగం కాలెండరు ఉంటుంది కాబట్టి పున్నమి ప్రశ్న గట్టెక్కుతాం. తక్కినవాటిలో సున్నా చుట్టుకునేవాళ్ళమే ఎక్కువ.

నీళ్ళ ప్రశ్ననే చూద్దాం. ఆనేకల్ తాలూకాలో చాలా అపార్టుమెంట్లకు బోరే దిక్కు, అది ఎండితే ట్యాంకరు. ట్యాంకరులో వచ్చేదీ ఎక్కడో ఎవరి పొలంలోనో వేసిన బోరు నీళ్ళే. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ వింతేమీ కాదు. భూగర్భ జలాల లెక్కల్లో తాలూకా మితిమీరి తోడేసిన జాబితాలో ఉంది. కావేరి నీళ్ళు అందే అదృష్టవంతులకు అవి దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తు పంపుల మీద ఎక్కి వస్తాయి. అంతకుముందు బెంగళూరు అర్కావతి నీళ్ళు తాగింది. 1896లో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్ళి. సొంత నది మీద కట్టుకున్న ఆ రెండు జలాశయాల పరీవాహకాన్ని ఇళ్ళతో, బోర్లతో పాడుచేసుకుని, ఆ తర్వాత దూరపు నది దగ్గరికి పోయింది. ఇప్పుడు కావేరి నీటి పథకం ఒక్కో దశ పూర్తవుతుంటే పండగ చేసుకుంటున్నాం. ఆ పండగల్లో అర్కావతి పేరు ఎత్తేవారు అరుదు.

వెళ్ళే నీళ్ళ సంగతి ఇంకా ఇబ్బందికరం. బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామికవాడలూ, వాటి చుట్టూ లేచిన కాలనీలూ వదిలేదంతా వాలునే పోతుంది. ఆ దారిలో చందాపుర చెరువు ఉంది. దాన్ని కాపాడలేకపోయినందుకు 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఒక్క చెరువుకు అంత మొత్తమా అని అప్పట్లో అందరూ నోరు వెళ్ళబెట్టారు. ఆ చెరువు కింద ఇంకెన్ని చెరువులున్నాయో, వాటి కింద ఏ నది ఉందో తలచుకుంటే అంత ఆశ్చర్యం ఉండదు. తమిళనాడులో, హోసూరు పక్కన కేలవరపల్లి జలాశయంలో దక్షిణ పినాకిని తెల్లటి నురగ కక్కుతూ పారడం ఏటా పత్రికల్లో చూస్తున్న బొమ్మే. బెంగళూరు బాత్‌రూముల నురగ అది. ఆ నీళ్ళతో పంట పండించుకునే రైతు ఎవరికి ఓటు వేసినా ఆ నురగ మీద అధికారం ఉన్న ప్రభుత్వాన్ని ఎన్నుకోలేడు. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. పెన్న, పాలారు, దక్షిణ పినాకిని వంటి నదుల పరీవాహకాల్లో ఎగువన కొత్త చెరువు కట్టాలంటే దిగువవారిని అడగాలన్నారు. ఎన్ని నీళ్ళు ఆపుతున్నారన్నదే అప్పటి తగువు. ఎలాంటి నీళ్ళు వదులుతున్నారన్నది రాతకోతల్లో లేదు, ఆ అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబోలు.

ఈ నేల మీద చెరువు ఎప్పుడూ ఒంటరిది కాదు. పై చెరువు మరవ పారితే కింది చెరువుకు నీరు. నడుమ కాలువ, ఇక్కడివాళ్ళ మాటలో రాజకాలువె. ఆ కాలువకో, తూముకో కాపలాగా ఊరికొక నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో, కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతోందో, ఏ కార్తెలో తూము తియ్యాలో అతనికి తెలుసు. మన రాయలసీమలోనూ నీరుగట్టి, తెలంగాణలో నీరటి చేసిన పని అదే. అతనికి గ్రాసం కింద గింజలిచ్చేవారు, కొన్నిచోట్ల మాన్యం ఉండేది. అయితే ఆ పని ఎక్కువగా దళిత కుటుంబాల మీదే పడింది. ఊరందరి పొలాలకు నీళ్ళు పంచినవాడికి తన సొంతానికి సెంటు మాగాణి లేకపోవడమూ ఆ వ్యవస్థలో భాగమే. పాత రోజులను తలచి మురిసిపోయే ముందు ఇదీ గుర్తుంచుకోవాలి. ఆ అన్యాయం పోవలసిందే, దానితో పాటు ఆ తెలివి కూడా పోయింది. ఇప్పుడు తూము ఎక్కడుందో తెలియక చెరువు పక్కన కట్టిన కాలనీ మునిగినప్పుడు, ఇంజనీర్లు పాత రెవెన్యూ పటాలు తిరగేస్తున్నారు.

చెరువులను బాగుచేసే ఉత్సాహం ఇక్కడ బాగానే ఉంది, దాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు. ఆనేకల్ తాలూకాలోని క్యాలసనహళ్ళిలో ఎండిపోయిన 36 ఎకరాల చెరువును 2017లో ఆనంద్ మల్లిగవాడ్ అనే ఇంజనీరు తను పనిచేసే కంపెనీ సామాజిక నిధితో 45 రోజుల్లో తవ్వించారు. పూడికమట్టితో చెరువు మధ్యన పక్షుల కోసం దిబ్బలు పోయించారు, వానలకు చెరువు నిండింది. ఆ తర్వాత ఆయన వాబసంద్ర, కోనసంద్ర చెరువులకూ, ఇంకా ఎన్నింటికో వెళ్ళారు. మంచి పని. దీన్ని చూసి మొదలైన కొన్ని పునరుద్ధరణల మీదనే మాకు అనుమానం. చుట్టూ కంచె, కంచె వెంట నడకదారి, గేటు దగ్గర దాతల పేర్ల పలక. పై నుంచి వచ్చే కాలువ మాత్రం ఎవరి లేఅవుటు కిందో పూడిపోయి ఉంటుంది. ఆ చెరువు రెండేళ్ళు అందంగా ఉంటుంది, మూడో ఏడాది మురుగుతోనో, గుర్రపు డెక్కతోనో నిండుతుంది. గొర్రెలు తోలుకొచ్చేవాళ్ళకు, గడ్డి కోసుకునేవాళ్ళకు, చేపలు పట్టేవాళ్ళకు కంచె అడ్డం. చెరువును కనిపెట్టుకుని ఉండేవాళ్ళు వాళ్ళే కదా. ఒక చెరువును దత్తత తీసుకునే సంస్థలు చాలా ఉన్నాయి. రెండు చెరువుల నడుమ కాలువను దత్తత తీసుకుంటామని ముందుకు వచ్చేవారు తక్కువ. దాని పక్కన నిలబడి ఫోటో దిగడం బాగుండదు మరి.

నీళ్ళు పోయే దారి ఒకటయితే, ఏనుగులు నడిచే దారి ఇంకొకటి. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం అనగానే సఫారీ, జంతు ప్రదర్శనశాల గుర్తొస్తాయి. 1974లో జాతీయ ఉద్యానమైన ఆ అడవి సుమారు 260 చదరపు కిలోమీటర్లు. సన్నగా, పొడవుగా, దక్షిణానికి జారుతూ తళి, జవళగిరి అడవులతోనూ, కావేరి అభయారణ్యంతోనూ కలుస్తుంది. ఆ సన్నని అడవి పక్కనే క్వారీలు, రిసార్టులు, లేఅవుట్లు. చుట్టూ ఉండాల్సిన సున్నిత పర్యావరణ మండలం 2016 ముసాయిదాలో దాదాపు 269 చదరపు కిలోమీటర్లు. 2020లో తుది ప్రకటన వచ్చేసరికి అది 169కి తగ్గింది. వంద చదరపు కిలోమీటర్లు కాగితం మీద కరిగిపోయాయి. ఏనుగులకు ఆ కాగితం అందలేదు. రాగి చేలు కోతకొచ్చే కార్తిక, మార్గశిర మాసాల్లో అవి తమ పాత దారిన హోసూరు వైపు బయల్దేరుతూనే ఉన్నాయి.

మన చిత్తూరు జిల్లాకు ఏనుగులు వచ్చింది కూడా ఇటువైపు నుంచే. 1980లలో ఆనేకల్, హోసూరు, ధర్మపురి అడవుల నుంచి కొన్ని గుంపులు తూర్పుకు కదిలి కుప్పం, పలమనేరు అడవులకు చేరాయి. ఏనుగును గుడి దగ్గరో సర్కసులోనో తప్ప చూసి ఎరుగని ఊళ్ళవి. తరాల తర్వాత అడవి ఏనుగు ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ అడుగుపెట్టింది. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మేత, నీరు తగ్గడం వల్లనే కదిలాయని చెబుతారు. కారణం ఏదైనా, ఆనేకల్ అడవిలో పలచబడిన చోటుకు లెక్క కుప్పం రైతు చెరకు తోటలో తేలింది. ఆ లెక్కలో పోయిన ప్రాణాలు రెండు వైపులా ఉన్నాయి. తొక్కిడికి చనిపోయిన రైతులు, పొలాల చుట్టూ పెట్టిన కరెంటు తీగలకు చనిపోయిన ఏనుగులు. పొలం పోగొట్టుకున్న మనిషికి జీవప్రాంతమనే మాట వినిపిస్తే ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా. అతని పంట నష్టానికి సకాలంలో డబ్బు అందకుండా ఈ చర్చ ఎంత అందంగా చేసినా నిలబడదు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు కుంకీలను, అంటే అడవి ఏనుగులను మళ్ళించేందుకు శిక్షణ పొందిన ఏనుగులను, అప్పగించింది. పెద్ద సభ జరిపి మావటులతో సహా సాగనంపారు. నీళ్ళ దగ్గర మాటామాటా అనుకునే రాష్ట్రాలు ఏనుగుల దగ్గర చేతులు కలిపాయి, సంతోషం. ఆ కుంకీలు తరిమేది మాత్రం ఒకప్పుడు ఆ దిక్కు నుంచే నడిచి వచ్చిన వాటి చుట్టాలనే.

నేల కూడా ఇదే మాట చెబుతుంది. ఆనేకల్ నుంచి తళి, హోసూరు, కుప్పం దాకా ఎర్రమట్టి, రాతిగుట్టలు, రెండు రుతుపవనాల నుంచీ కొసరి కొసరి దొరికే వాన. ఆ వానకు తగ్గ పంట రాగి. రాగి చేలో నడుమ నడుమ సాళ్ళుగా కంది, అనప, జొన్న, ఆముదం, ఆవాలు కలిపి వేసే పద్ధతిని కన్నడ రైతులు ‘అక్కడి సాలు’ అంటారు. ఒక పంట పోయినా ఇంకోటి దక్కుతుంది, పప్పుధాన్యపు వేళ్ళు నేలకు బలమిస్తాయి. ఆరుద్ర కార్తె వాన పడిందా లేదా అన్నది కన్నడ రైతుకూ, తెలుగు రైతుకూ ఒకే ప్రశ్న. చలికాలం మంచు పడితే అనపకాయకు వాసన పడుతుంది. నానబెట్టి పితికిన పితికిపప్పు పులుసు, రాగిసంగటి చిత్తూరు ఇంట్లో వండినా, ఆనేకల్ ఇంట్లో హితికిన బేళె సారు, ముద్ద పేరుతో వండినా, కంచంలో పెద్ద తేడా లేదు. రాష్ట్రాల పునర్విభజన కమిషన్ ఈ కంచాన్ని చూడలేదు. చూసి ఉన్నా చేయగలిగింది ఏమీ లేదనుకోండి.

దెబ్బతిన్న నేల మళ్ళీ లేస్తుందా అన్న ప్రశ్నకు ఇక్కడికి దగ్గర్లోనే ఒక జవాబు ఉంది. ఆనేకల్ దాటి తమిళనాడు హద్దులో, తళి దారిలో గుమ్మళాపురం దగ్గర, గాంధీ ఆలోచనల ప్రభావంలో ఉన్న కొందరు మిత్రులు 1990 ప్రాంతంలో వంద ఎకరాలకు పైగా బీడు నేల తీసుకుని నవదర్శనం అనే సమూహాన్ని మొదలుపెట్టారు. వాళ్ళు చేసినదాంట్లో ముఖ్యమైనది చేయకుండా ఉండటం. మేతను, గొడ్డలిని, నిప్పును దూరంగా పెట్టారు, వాన నీటికి అడ్డుకట్టలు వేశారు. మొక్కలు నాటే ఉత్సవాలేవీ లేకుండానే, నేలలో ఊపిరి బిగబట్టుకుని ఉన్న వేళ్ళు చిగుర్లు తొడిగాయి. 1990లోనే అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర మేరీ వట్టమట్టం, బబ్లూ గంగూలీ, వారి మిత్రులు 32 ఎకరాల బోడి నేల కొని టింబక్టు కలెక్టివ్‌కు శ్రీకారం చుట్టారు. వాళ్ళ దారీ ఇదే: ముందు కాపలా, తర్వాతే నాటడం. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వేల ఎకరాల ఉమ్మడి గుట్టలను కల్పవల్లి పేరుతో కాపాడుకున్నారు, వాగుల వెంట ఈతచెట్లు లేచాయి. అక్కడా గాలిమరల కోసం గుట్టలను చీల్చి రోడ్లు వేసినప్పుడు మట్టి జారింది. కాలుష్యం లేని కరెంటు కోసమే ఆ పని చేశారన్నది ఇందులోని చిక్కు. టింబక్టు గుట్టల నీళ్ళు పెన్నకు పోతాయి, ముందు చెప్పుకున్న నంది కొండల చుట్టమే పెన్న. అటూ ఇటూ మనుషులకు ఒకరి సంగతి ఒకరికి తెలిసే ఉండొచ్చు, రెండు వైపుల పాఠ్యపుస్తకాలకు తెలియదు.

ఈ ఆలోచనలో ఒక ప్రమాదమూ ఉంది. చోటు మీద ప్రేమ కొద్దిగా దారి తప్పితే, ఈ చోటు ఎవరిది, నువ్వెప్పుడు వచ్చావు అనే దర్యాప్తుగా మారుతుంది. బెంగళూరులో ఆ దర్యాప్తు మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నవారికి కొదవ లేదు. ఆనేకల్ చరిత్ర అందుకు సహకరించదు. ఇక్కడి ధర్మరాయస్వామి కరగ ఉత్సవం తిగళులది. తోటపనిలో ఆరితేరిన ఆ కులం మూలాలు తమిళ దేశం వైపువని చెబుతారు. ఇళ్ళలో తెలుగు మాట్లాడి, బజారులో కన్నడం మాట్లాడే రెడ్ల ఊళ్ళు తాలూకా నిండా ఉన్నాయి. బెంగళూరు కరగ ఇప్పటికీ సంపంగి చెరువు మిగులు దగ్గరికి వెళ్తుంది. చెరువు స్టేడియమైపోయింది, పూజ కోసం చిన్న నీటి గుంట మిగిల్చారు. చెరువు పోయినా చెరువుకు వెళ్ళే దారి మరిచిపోని మనుషులు వాళ్ళు. వాళ్ళ తాతలు ఎక్కడి నుంచి వచ్చారన్నదానికంటే ఈ జ్ఞాపకమే వాళ్ళను ఈ చోటువాళ్ళను చేసింది. నిన్న వచ్చిన తెలుగు, ఒడియా, బెంగాలీ కుటుంబాలకూ ఆ తలుపు తెరిచే ఉంది, ఎవరూ మూయకపోతే.

చేయదగ్గ చిన్న పని ఒకటి తోస్తోంది. ఆనేకల్, హోసూరు, తళి, కుప్పం చుట్టుపక్కలకు ఒక పంచాంగం వేయడం. తిథి వార నక్షత్రాలు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన ఏ కార్తెలో ఏ చెరువు మరవ పారుతుంది, పారితే నీళ్ళు ఏ ఊరికి, రాగి కోత ఎప్పుడు, ఏనుగులు ఏ వారం ఏ దారిన కదులుతాయి, అనపకాయ ఎప్పుడు మొదలవుతుంది, ఏ మొక్క ఎప్పుడు పూస్తుంది. రాయడానికి మనుషులు ఉన్నారు. ముసలి నీరుగంటులు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు, అటవీశాఖ వాచర్లున్నారు, సర్జాపుర దగ్గర అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ చదువుకునే పిల్లలున్నారు. కన్నడం, తమిళం, తెలుగు మూడింటిలోనూ అచ్చు వెయ్యాలి. ఖర్చు అంటారా, అపార్టుమెంటు సంఘాలు ఉగాది నాటి సౌండు సిస్టానికి పెట్టేదానికంటే తక్కువే అవుతుంది.